ఏటికి కాపలా



ఢిల్లీలోని ఆర్.కె. పురం పేరు మీలో చాలామంది విని ఉంటారు. కొందరు అక్కడి క్వార్టర్లలోనే ఉంటూ ఈ పుస్తకం చదువుతూ ఉండవచ్చు. రామకృష్ణపురం అన్నది దాని పూర్తి పేరు. సెక్టార్ 7లో గుట్టమీది మలై మందిర్ చాలామందికి తెలుసు. సెక్టార్ 1లోని సేవా భవన్‌ను మాత్రం ఎంతమంది గమనించారో చెప్పలేం. ఆ భవనంలో కేంద్ర జల సంఘం పనిచేస్తుంది. 1945లో మొదలైన ఈ సంస్థ, దేశంలోని నదుల్లో ఎక్కడ ఎంత నీరు పారుతోందో, ఆ నీరు ఎలా ఉందో కొలిపించి లెక్క రాయిస్తుంది. గోదావరికి వరద వచ్చినప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతకు చేరుతుందో ముందుగా అంచనా వేసేది కూడా ఈ సంస్థే.

అయితే దేశంలో ఉన్న ప్రతి వాగు దగ్గరా, ప్రతి నాలా దగ్గరా ప్రభుత్వం ఒక మనిషిని కూర్చోబెట్టలేదు. మరి వాటి లెక్క ఎవరు రాస్తారు? ఈ పాఠం ఆ ప్రశ్న గురించే. కొన్ని దేశాల్లో, మన దేశంలో కొన్నిచోట్ల, గాలంతో చేపలు పట్టే సరదా ఉన్నవాళ్ళు సంఘాలుగా చేరి, జీతం లేకుండా ఏళ్ళ తరబడి ఈ పని చేశారు. ముఖ్యంగా ట్రౌట్ అనే చేప కోసం ఇలాంటి సంఘాలు పుట్టాయి. వాళ్ళు ఏం చేశారు, ఎక్కడ మేలు జరిగింది, ఎక్కడ మేలు చేయబోయి కీడు జరిగింది అన్నది ఈ పాఠంలో చదువుతారు. పాఠం పూర్తయ్యాక, మీ ఇంటికి దగ్గరగా ఉన్న ఒక వాగుకో నాలాకో మీ అంతట మీరు ఒక నోటుపుస్తకం మొదలుపెట్టగలుగుతారు.

చేపలు తినని అభ్యాసకులు ఈ పాఠం తమది కాదనుకోవద్దు. ఇందులో వంట లేదు.

ట్రౌట్ అంటే ఏ చేప?

ట్రౌట్ చల్లని, తేటగా పారే నీటిలో బతికే చేప. మన దేశపు చేప కాదు. ఆంగ్లేయులు తమ దేశంలో గాలం వేసి పట్టే అలవాటును ఇక్కడికీ తెచ్చుకోవాలనుకుని, ఓడల మీద మంచులో పెట్టి దాని గుడ్లను తెప్పించారు. కాశ్మీరుకు తెచ్చిన మొదటి విడత గుడ్లు దారిలోనే పాడైపోయాయి. 1900లో వచ్చిన రెండో విడత బతికింది. అక్కడినుంచి 1909లో కులూ లోయకు చేరింది. దక్షిణాన నీలగిరుల్లోను, మున్నారు టీ తోటల వాగుల్లోను ట్రౌట్‌ను వదిలారు.

దానికి చల్లని నీరే ఎందుకు కావాలి? ఇక్కడ కొంచెం సైన్సు అవసరం. చేపలు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును పీలుస్తాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీరు సుమారు 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. 20 డిగ్రీలకు అది 9.1కి, 30 డిగ్రీలకు 7.5కి పడిపోతుంది. సోడా సీసాను ఎండలో పెట్టి మూత తీస్తే గ్యాసు బుస్సున పోవడం చూశారు కదా! సూత్రం అదే. ట్రౌట్‌కు లీటరుకు 7 మిల్లీగ్రాములైనా ఉంటే హాయి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, 25 డిగ్రీల దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఢిల్లీ నాలాలన్నీ అద్దంలా శుభ్రమైనా వాటిలో ట్రౌట్ బతకదు. జూన్ నెల ఎండ చాలు దాన్ని చంపడానికి.

దాని గుడ్ల సంగతి ఇంకా సున్నితం. చలికాలంలో ఆడ ట్రౌట్ ఏటి అడుగున గులకరాళ్ళను తోకతో తవ్వి, గుంట చేసి గుడ్లు పెడుతుంది. రాళ్ళ సందుల్లోంచి నీరు పారుతూ ఉంటేనే గుడ్లకు ఊపిరి. ఎగువన రోడ్డు వేస్తూ మట్టిని ఏట్లోకి తోశారనుకోండి. ఒండ్రు ఆ సందుల్లో పేరుకుంటుంది. పైన నీరు తేటగానే కనిపిస్తుంది, కింద గుడ్లు ఊపిరాడక పోతాయి. హిమాచల్ ప్రదేశ్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ పట్టరాదన్న నిబంధన ఈ గుడ్ల కోసమే.

మనకు తెలిసిన చేపతో పోల్చుకుందాం. పులస కోసం పుస్తెలమ్మినా తప్పులేదంటారు గోదావరి జిల్లాలవాళ్ళు. ఆ పులస సముద్రంలో ఉన్నంతకాలం ఇలస. గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వస్తేనే దానికి ఆ రుచి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం పడింది. ఇదే జాతి చేప ఒకప్పుడు బంగాళాఖాతం నుంచి గంగలోకి, గంగనుంచి యమునలోకి ఎక్కి ఆగ్రా దాకా వచ్చేది. 1975లో ఫరక్కా బరాజ్ వచ్చాక ఆ ప్రయాణం ముగిసింది. ఢిల్లీలో ఉండే తెలుగువారికి ఇది ఆశ్చర్యంగా ఉండవచ్చు: యమున ఒడ్డున ఆగ్రాలో మన పులస చుట్టాలు దొరికేవి!

చేప ఒకచోట ఉందా లేదా అన్నది ఆ ఏటి ఆరోగ్యానికి ఒక సాక్ష్యం. కాని ఏ చేప అన్నది చూడాలి. కొరమీను, మార్పు వంటి చేపలు నీటిపైకి వచ్చి గాలి కూడా పీల్చగలవు. మురికి కుంటలో కొరమీను కనబడిందని ఆ నీరు బాగుందనుకోకూడదు.

ఆగి ఆలోచించండి

1. ఎండాకాలంలో ఒక్కోసారి చెరువులో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటాయి. ఎందుకు?
2. నీరు తేటగా ఉన్నా ట్రౌట్ గుడ్లు చనిపోయే పరిస్థితి ఒకటి చెప్పండి.

(జవాబులు పాఠం చివర ఉన్నాయి. ముందు మీరు రాసుకున్న తరువాతే చూడండి.)

పిల్ల చేపలను వదలడమా, ఏటిని చూసుకోవడమా?

1959లో అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో, ఓ సేబుల్ అనే నది ఒడ్డున, కొద్దిమంది గాలగాళ్ళు సమావేశమై ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంఘం పెట్టారు. వాళ్ళ తగవు ఒకటే. అప్పట్లో ప్రభుత్వం హేచరీల్లో ట్రౌట్‌ను పెంచి, పట్టుకోవడానికి వీలైన సైజు రాగానే నదుల్లో వదిలేది. లైసెన్సు డబ్బు కట్టినవాడికి చేప దొరికేది, అందరూ సంతోషించేవారు. ఈ కొద్దిమంది మాత్రం ఒప్పుకోలేదు. నది బాగుంటే చేప దానంతట అదే పుడుతుంది, పెరుగుతుంది. నది పాడైతే ఎన్ని వదిలినా అది బజారునుంచి తెచ్చి తొట్టిలో వేసినట్టే. కాబట్టి ముందు నదిని చూడండి అన్నారు. ఒడ్డు కోసుకుపోకుండా చెట్లు నాటడం, చేప ఎక్కలేని తూములను మార్పించడం, పాత అడ్డుకట్టలు తీయించడం వంటి పనుల్లో ఆ సంఘపు స్వచ్ఛంద సేవకులు ఈనాటికీ శ్రమిస్తున్నారు.

ఈ తగవును గుర్తుపెట్టుకోండి. మన కావేరి కథలో మళ్ళీ వస్తుంది.

ఇంగ్లండులో గాలగాళ్ళు మరో పద్ధతి పట్టారు. వాళ్ళు చేపను కాక, చేప తినే పురుగులను లెక్కపెడతారు. ఏటి రాళ్ళ కింద కొన్ని కీటకాల పిల్లలు నెలల తరబడి, కొన్ని ఏడాదికి పైగా నీటిలోనే పెరిగి, ఆ తరువాత రెక్కలు వచ్చి ఎగిరిపోతాయి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్ అనేవి అలాంటివి. వీటికి మన భాషలో బాగా వాడుకలో ఉన్న పేర్లు లేవు గాని, తూనీగ పిల్ల కూడా ఇలాగే నీటిలో పెరుగుతుందని తెలిస్తే సంగతి అర్థమవుతుంది. కాడిస్ పిల్ల ఇసుక రేణువులను, పుల్లలను అతికించుకుని తన చుట్టూ చిన్న గొట్టం కట్టుకుంటుంది. ఒకసారి చూస్తే మరిచిపోలేరు.

పని ఇలా జరుగుతుంది. ఒకరు మోకాలి లోతు నీటిలో నిలబడి, జాలీ వలను నీరు వచ్చే వైపుకు నోరు ఉండేలా పట్టుకుంటారు. వల ముందున్న గులకరాళ్ళను కాలితో కదుపుతారు. సరిగ్గా మూడు నిమిషాలు. కదిలిన పురుగులు నీటితోపాటు వలలోకి వస్తాయి. వాటిని తెల్లని పళ్ళెంలో పోసి, ఎనిమిది రకాలుగా విడదీసి, ఏ రకం ఎన్నో రాసి, మళ్ళీ నీటిలో వదిలేస్తారు. ప్రతి నెలా అదే చోట, అదే పద్ధతిలో. ఆ చోటికి ఇంతకంటే తగ్గకూడదని ఒక హద్దు ముందే నిర్ణయించి ఉంటుంది. లెక్క దానికంటే పడిపోతే ప్రభుత్వ పర్యావరణ సంస్థకు వెంటనే కబురు చేస్తారు.

వినడానికి చాదస్తంగా ఉంది కదూ! 2013 జూలైలో ఏమైందో చూడండి. కెన్నెట్ అనే నది మీద స్వచ్ఛంద సేవకులు మామూలుగా నెలవారీ లెక్కకు దిగారు. మార్ల్‌బరో పట్టణానికి దిగువన పళ్ళెం దాదాపు ఖాళీగా వచ్చింది. నీరు తేటగానే ఉంది. చేపలు తిరుగుతూనే ఉన్నాయి. పురుగులే లేవు. అధికారులు వచ్చి పరీక్షిస్తే, సుమారు 15 కిలోమీటర్ల మేర నది అడుగున పురుగులు, చిన్న రొయ్యజాతి జీవులు చచ్చిపోయినట్లు తేలింది. కారణం క్లోరిపైరిఫాస్. మురుగు శుద్ధి కేంద్రం గుండా అది నదిలోకి చేరింది. అంత నాశనానికి చాలా కొద్ది పరిమాణం చాలునని అధికారులు చెప్పారు.

ఆ పేరు మీలో పత్తి సాగు చేసినవాళ్ళకు పరిచయమే. ఇంటి పునాదుల్లో చెదల మందుగానూ దాన్ని వాడారు. ఖాళీ డబ్బాను కాలువలో జాడించే అలవాటు మన ఊళ్ళలో ఎంత మామూలో మీకు తెలుసు. కెన్నెట్ ఒడ్డున ఆ నెల ఎవరూ పళ్ళెం పట్టుకుని దిగకపోతే, చేపలు ఆకలితో తగ్గిపోయేదాకా ఆ సంగతి బయటపడేది కాదు. అప్పటికి విషం ఎక్కడిదో వెతికినా ఆనవాలు దొరకదు.

కావేరి లెక్కల పుస్తకం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ట్రౌట్ కాక, మన నదుల్లోనే పుట్టి పెరిగే పెద్ద చేప ఒకటి ఉంది. దాన్ని మహసీర్ అంటారు. కావేరిలో ఉండే మూపురపు మహసీర్ 50 కిలోలు దాటి పెరిగిన సందర్భాలున్నాయి. మనిషంత బరువు! డైనమైట్లు పేల్చి చేపలు పట్టేవాళ్ళ వల్ల అది తగ్గిపోతున్న రోజుల్లో, 1972లో బెంగుళూరులో దక్షిణ భారత వన్యప్రాణి సంఘం ఏర్పడింది. ఈ సంఘం కర్ణాటకలో కావేరి నదిలో కొంత భాగాన్ని కౌలుకు తీసుకుని కాపలా పెట్టింది. కాపలాకు ఎవరిని తీసుకున్నారనుకున్నారు? అంతకు ముందు దొంగతనంగా చేపలు పట్టినవాళ్ళలో కొందరిని. చేప ఏ మడుగులో ఉంటుందో, డైనమైట్ వేసేవాడు ఏ దారిన వస్తాడో వాళ్ళకంటే ఎవరికి తెలుసు! గాలం వేయడానికి వచ్చినవాళ్ళు రుసుము కట్టాలి. పట్టిన ప్రతి చేపనూ ప్రాణంతో నదిలో వదలాలి. ఆ రుసుముతో కాపలావారికి జీతాలు వచ్చాయి.

చేపల సంఖ్య ఇంకా పెరగాలని, మహారాష్ట్రలోని లోనావాలా హేచరీలో పెంచిన మరో జాతి మహసీర్ పిల్లలను కూడా కావేరిలో వదిలారు. దానికి నీలి రెక్కలుంటాయి. అందరూ మంచి పనే అనుకున్నారు. పేపర్లో ఫోటో పడే పని, చేసినవారికి తృప్తినిచ్చే పని.

గాలిబోరె అనే చోట ఉన్న గాలపు శిబిరంలో ఒక అలవాటు ఉండేది. ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ చేప పడింది, ఎంత బరువు, అన్నీ పుస్తకంలో ఎక్కించేవారు. 1998 నుంచి 2012 వరకు ఉన్న ఆ లెక్కలను తరువాత శాస్త్రవేత్తలు తీసి చూశారు. మొత్తం మీద పడిన చేపల సంఖ్య పెరిగింది. పైపైన చూస్తే శుభవార్తే. కాని విడదీసి చూస్తే, పెరిగినది బయటినుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల మహసీర్. కావేరికి సొంతమైన మూపురపు మహసీర్ ఏడాదికేడాది తగ్గింది. పడిన కొద్ది చేపలూ పెద్ద పెద్దవి. అంటే ముసలివి మిగిలాయి, పిల్లలు ఎదగడం లేదు. వృద్ధులే మిగిలిన పల్లెటూరిని ఊహించుకోండి.

ఇంకొక విచిత్రం ఉంది. ఇంత ప్రసిద్ధమైన చేపకు 2018 వరకు ఖాయమైన శాస్త్రీయ నామమే లేదు. పేరు లేని జీవిని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చడానికి వీలుండదు. రేషను కార్డులో పేరు లేనివాడి ఆకలి లెక్కకు రానట్టు! 2018లో దాన్ని టోర్ రేమాదేవి అని నిర్ధారించారు. వెంటనే అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా జాబితాకెక్కింది.

గాలగాళ్ళు శ్రద్ధగా రాసిన పుస్తకమే, చేప పిల్లలను వదలడం మేలు కాదని బయటపెట్టింది. ఈ రచయిత దృష్టిలో ఆ సంఘం చేసిన పనులన్నిటిలోకి పెద్దది ఆ పుస్తకమే. వన్యప్రాణి చట్టాన్ని అనుసరించి, 2012లో ఆ అభయారణ్యంలో గాలం వేయడం ఆపేశారు. అభయారణ్యంలో గాలం ఎందుకన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కాని గాలంతోపాటు ఆ లెక్కా ఆగిపోయింది. ఆ రెండింటిలో ఏది పెద్ద నష్టమో మీరే ఆలోచించి మీ తరగతి మిత్రులతో చర్చించండి.

ట్రౌట్ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. హిమాలయాల వాగుల్లో మొదటినుంచి ఉన్న మంచు ట్రౌట్ అనే దేశీయ చేప వేరు. పేరులో ట్రౌట్ ఉన్నా చుట్టరికం లేదు, అది మన బొచ్చె, శీలావతి కుటుంబానికి చెందినది. బయటినుంచి వచ్చిన బ్రౌన్ ట్రౌట్ దాని పిల్లలను తింటుంది. అయినా ట్రౌట్ పేరు చెప్పే ఒక ఏరు బతికింది కూడా. ఢిల్లీ కాశ్మీరీ గేటు నుంచి కులూ వెళ్ళే బస్సెక్కి, ఔట్ దగ్గర దిగి, బంజార్ వైపు వెళితే తీర్థన్ లోయ వస్తుంది. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో ఆ ఏటి మీద, దాని ఉపనదుల మీద చిన్న జలవిద్యుత్ కేంద్రాలు కట్టాలని ప్రతిపాదనలు వచ్చాయి. ఇలాంటి కేంద్రం నీటిని గొట్టంలోకి మళ్ళించి కొన్ని కిలోమీటర్ల దిగువన వదులుతుంది. మధ్యలో ఏరు ఎండిపోతుంది. అక్కడి పంచాయతీలవారు అడ్డు చెప్పారు. మాజీ శాసనసభ్యుడు దిలేరాం షబాబ్ వారికి ముందు నిలిచారు. ట్రౌట్ ఉన్న ఏరని, దాని కోసం వచ్చేవారివల్ల ఊరికి బతుకుతెరువు ఉందని వాదించారు. చివరకు ప్రభుత్వం తీర్థన్‌ను జలవిద్యుత్ పథకాలనుంచి మినహాయించింది. విదేశీ చేప దేశీయ ఏటిని కాపాడిందన్నమాట. లోకంలో అన్నీ సూటిగా ఉండవు.

ఆగి ఆలోచించండి

3. కెన్నెట్ నదిలో చేపలు బతికే ఉన్నా సేవకులు ప్రమాదాన్ని ఎలా పసిగట్టారు?
4. గాలిబోరెలో పడిన చేపల సంఖ్య పెరిగింది. అది ఎందుకు శుభవార్త కాదు?

ఆర్.కె. పురం నుంచి యమున వరకు

ట్రౌట్ లేదు, మహసీర్ లేదు, మా ఇంటి దగ్గర ఉన్నది కంపు కొట్టే నాలా, మేమేం చేయగలం అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న.

దక్షిణ ఢిల్లీలో అరావళి కొండల తోక ఉంది. దాన్ని రిడ్జ్ అంటారు. ఆ గుట్టల మీద కురిసిన వాన కొంత ఇంకేది, కొంత వాగులుగా తూర్పుకు పారి యమునలో కలిసేది. ఇంకిన నీటికి గుర్తు కావాలంటే ఆర్.కె. పురం సెక్టార్ 5లో లోదీల కాలం నాటి సమాధుల పక్కన ఉన్న దిగుడుబావిని చూడండి. పారిన నీటికి గుర్తు కుశక్ నాలా, అది కలిసే బారాపుల్లా నాలా. జహంగీరు చక్రవర్తి కాలంలో బారాపుల్లా మీద రాతి వంతెన కట్టారు. మురుగుకాలువ మీద అంత అందమైన వంతెన ఎవరూ కట్టరు. ఇది ఏరు. నగరం పెరిగాక మురుగును దానిలోకి వదిలారు, కొన్నిచోట్ల పైన కప్పేశారు, పేరు నాలాగా మిగిలింది.

యమున మొత్తం పొడవు 1376 కిలోమీటర్లు. ఢిల్లీలో వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు ఉన్నది 22 కిలోమీటర్లు. పొడవులో నూటికి రెండు వంతులు కూడా లేని ఈ ముక్కలోనే నదికి చేరే కాలుష్యంలో సుమారు నాలుగింట మూడు వంతులు పడుతుంది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. నది ఢిల్లీలో అడుగుపెట్టే పల్లా దగ్గర చేపలు పట్టేవాళ్ళు కనిపిస్తారు. నిజాముద్దీన్ వంతెన దగ్గరకు వచ్చేసరికి చాలాసార్లు ఆ ప్రాణవాయువు లెక్క సున్నా. అక్కడి బురదలో బతికేవి సన్నని ఎర్ర పురుగులు. ఇళ్ళలో అద్దాల తొట్టి చేపలకు మేతగా అమ్మేవి ఆ రకం పురుగులే. అవి గుత్తులు గుత్తులుగా ఉన్నాయంటే అక్కడ మరేదీ బతకడం లేదని అర్థం.

ఇక్కడా స్వచ్ఛందంగా పనిచేసినవారు ఉన్నారు. అటవీ సేవ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనోజ్ మిశ్రా 2007లో 'యమున జియే అభియాన్' అనే ఉద్యమం మొదలుపెట్టారు. నది ఒడ్డున ఎక్కడ శిథిలాలు పోస్తున్నారో తిరిగి చూసి, రాసి, 2012లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. 2015 జనవరి 13న ట్రిబ్యునల్ విస్తృతమైన ఆదేశాలిచ్చింది. ఆయన 2023లో మరణించారు. ఆదేశాల్లో అమలైనవి కొన్నే.

ఆర్.కె. పురానికి దగ్గరలో, వసంత్ కుంజ్ దారిలో, నీలా హౌజ్ అనే పాత చెరువు ఉంది. 2010 కామన్‌వెల్త్ క్రీడలకు ముందు అక్కడ వంతెన పనుల్లో దాన్ని మట్టితో నింపుతుంటే చుట్టుపక్కలవాళ్ళు హైకోర్టుకు వెళ్ళారు. తరువాత ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు మార్గదర్శకత్వంలో దాన్ని బాగుచేశారు. లోపలికి వచ్చే మురుగు నీరు రాళ్ళ వరుసల మీదుగా, తుంగ, రెల్లు వంటి మొక్కల మధ్యగా నెమ్మదిగా పారి శుభ్రపడి చెరువులో చేరుతుంది. ఒక ఆదివారం ఉదయం వెళ్ళి చూడండి. పక్షులను చూస్తే సంతోషం కలుగుతుంది. కాని నీరు వచ్చే చోటునుంచి చెరువు వరకు నడిచి, రంగు, వాసన ఎక్కడ మారుతున్నాయో గమనించడం మరిచిపోవద్దు.

కృత్యం: మీ నోటుపుస్తకం

ముందుగా ఒక హెచ్చరిక. నగరపు నాలాలోకి దిగవద్దు, చేతితో నీటిని తాకవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ వంటి ప్రమాదకరమైన జ్వరాలు వస్తాయి. మాన్‌హోలు మూత తీసి తొంగి చూడటం కూడా ప్రాణాంతకం, లోపలి విషవాయువు క్షణాల్లో మనిషిని పడగొడుతుంది. సరైన రక్షణ లేకుండా మనిషిని మురుగు గొట్టంలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. సేవ పేరుతో ఎవరు దిగమన్నా దిగకండి, ఎవరినీ దింపకండి.

వంతెన మీద ఒకచోటును గుర్తుపెట్టుకోండి. వారానికి ఒక రోజు, ఒకే వేళకు అక్కడ నిలబడి చూడండి. తేదీ, వేళ, చివరిసారి వాన ఎప్పుడు పడింది, నీటి రంగు, వాసన, నురగ, నీటిమట్టం వంతెన రాయి ఏ వరుస దాకా ఉంది, కొత్తగా కలుస్తున్న గొట్టం ఏదైనా ఉందా, కొంగలు గాని మరే ప్రాణులు గాని కనిపించాయా — ఇంతే. చూసినదే రాయండి, అనుకున్నది రాయకండి. 'నీరు చాలా దారుణంగా ఉంది' అన్నది అభిప్రాయం. 'నీరు నల్లగా ఉంది, కుళ్ళిన గుడ్ల వాసన, తెల్ల నురగ అరచేయి మందం' అన్నది లెక్క. ఏమీ మారని వారం కూడా 'మార్పు లేదు' అని రాయాలి. ఆ ఖాళీ వారాలే రేపు మీ మాటకు బలం.

ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ నాలాల పరీక్షా ఫలితాలను నెలనెలా ప్రకటిస్తుంది. మీ పుస్తకాన్ని వాటి పక్కన పెట్టుకుని చూడండి. తేడా కనిపిస్తే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలను, స్థానిక కార్యాలయాలను వివరాలు అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు ఎలా రాయాలో లేఖారచన పాఠంలో నేర్చుకున్నారు.

సెలవులకు సొంత ఊరు వెళ్ళినప్పుడు, మురుగు కలవని తేట వాగు ఉంటే రాళ్ళ కింద చూసే పని చేయవచ్చు. పెద్దవారు తోడుండాలి, నీరు మోకాలు దాటకూడదు, వాన రోజున వద్దు. రాయిని ఎత్తి, కింది వైపు చూసి, తీసినచోటే తిరిగి పెట్టండి. పీత, నత్త, తూనీగ పిల్ల, ఇసుక గొట్టంలో కాడిస్ పిల్ల, జలగ — ఏవి ఎన్నో రాయండి. తొట్టిలో పెంచిన చేపలను మాత్రం, పుణ్యమని చెప్పినా సరే, వాగులో వదలకండి. కావేరి కథ చదివారు కదా.

అభ్యాసం

ఈ కింది అంకెలు అభ్యాసం కోసం కల్పించినవి. ఒక వాగులో ఒక సేవకురాలు నెలకొకసారి రాళ్ళ కింద లెక్కపెట్టింది. జనవరిలో కాడిస్ పిల్లలు 22, తూనీగ పిల్లలు 6, ఎర్ర పురుగులు 3. ఫిబ్రవరిలో వరుసగా 20, 7, 4. మార్చిలో 2, 5, 31. నీటి రంగులో మూడు నెలలూ మార్పు లేదు.

5. ఏ నెలలో ఏదో జరిగిందని మీరు అనుమానిస్తారు? ఏ అంకెలను బట్టి?
6. ఆమె జనవరి, ఫిబ్రవరి లెక్కలు రాయకుండా మార్చి లెక్క మాత్రమే చూపితే అధికారి ఏమనవచ్చు?
7. మీ ప్రాంతపు కాలుష్య నియంత్రణ అధికారికి ఆమె తరఫున పది వాక్యాలకు మించని ఒక లేఖ రాయండి. లేఖలో 'దారుణం', 'ఘోరం' అనే మాటలు వాడకూడదు.

పదాలు

హేచరీ: చేప గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం. ఒండ్రు: నీటితో కొట్టుకువచ్చి అడుగున పేరుకునే మెత్తని మట్టి. తూము: రోడ్డు కింద గాని గట్టు కింద గాని నీరు పోయేందుకు పెట్టిన దారి. ఎగువ, దిగువ: నీరు వచ్చే వైపు, నీరు పోయే వైపు.

జవాబులు

1. నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గుతుంది. గాలికి తగిలే పైపొరలో అది కొంచెం ఎక్కువ ఉంటుంది. 2. గులకరాళ్ళ సందుల్లో ఒండ్రు పేరుకున్నప్పుడు. 3. ప్రతి నెలా పురుగులను లెక్కపెట్టడం వల్ల. ఆ మందు చేపల కంటే ముందు పురుగులను చంపింది. 4. పెరిగినది బయటినుంచి తెచ్చిన జాతి. సొంత జాతి తగ్గింది. 5. మార్చిలో. కాడిస్ పిల్లలు 20 నుంచి 2కు పడ్డాయి, ఎర్ర పురుగులు 4 నుంచి 31కి పెరిగాయి. 6. 'ఈ వాగు ఎప్పుడూ ఇంతే' అనవచ్చు. 7. మీ లేఖను అధ్యయన కేంద్రంలో మీ బోధకునికి చూపించండి.